ఆరో బండి ఆడిట్

ఆడిటర్‌కు పూలగుత్తి ఇవ్వాలన్న ఆలోచన డైరెక్టర్ నాగరాజు సారుది. అవమానం మాత్రం హైమది. ఆ సంస్థలో పని విభజన మొదటి నుంచీ ఇంతే.

అశ్వారావుపేట బస్టాండులో ఖమ్మం బస్సు దిగిన యువకుడి చొక్కా మీద ఒక్క ముడత లేదు. జూన్ ఉక్కలో, ఆ బస్సులో, అంత దూరం ప్రయాణం చేసినా ఇస్త్రీ చెదరలేదంటే మనిషిని అనుమానించాల్సిందే అనుకుంది హైమ. అయినా ముఖాన ఒక నవ్వు తెచ్చిపెట్టుకుని పూలగుత్తి ముందుకు చాపింది.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"సారీ అండీ. ఆడిట్ చేసే సంస్థ దగ్గర మేం గిఫ్టులు తీసుకోకూడదు."

"గిఫ్టు కాదండీ. బంతిపూలు."

"ఖరీదు ఎంత?"

"ఏంది?"

"ఈ పూల ఖరీదు."

"ఎనభై రూపాయలు."

"ఏ హెడ్ కింద రాశారు?"

హైమ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమోనని ఆశ. అలాంటిదేమీ లేదు. మనిషి నిజంగానే అడుగుతున్నాడు.

"ఇంకా రాయలేదు. అంత్యక్రియల ఖర్చు అని రాద్దామనుకుంటున్న."

"ఎవరివి?"

"అదింకా తేలలే. సాయంత్రానికి తెలుస్తది."

అతను నవ్వలేదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. పేరు వాసు అనీ, హైదరాబాద్ ఆడిట్ సంస్థ వాళ్ల ఖమ్మం బ్రాంచి నుంచి వచ్చాననీ చెప్పాడు. ఆ పూలు చివరికి బస్టాండులో ఒక మేక తిన్నది. దానికి ఏ పాలసీ అడ్డు రాలేదు.

హైమ పనిచేసే సంస్థ పేరు 'అడవితోడు'. ఎరువుల దుకాణం మీద మూడు గదుల ఆఫీసు, ఆరు బైక్ అంబులెన్సులు, అంతే దాని ఆస్తి. మోటార్ సైకిల్ పక్కన మూడో చక్రం, దాని మీద మనిషి పడుకునేంత తొట్టి, పైన రేకు గూడు. అంబులెన్సు పోలేని అడవి బాటల్లో ఈ బండ్లు పోతాయి. జ్వరాలు, పాముకాట్లు, కాన్పులు, అన్నీ వీటి మీదే దవాఖానాకు చేరతాయి.

బండ్లు కొన్న సొమ్ము, పెట్రోలు సొమ్ము, డ్రైవర్ల జీతాలు, అన్నీ అమెరికా ఫెడరల్ ప్రభుత్వ గ్రాంటువి. ఆ గ్రాంటు సముద్రం దాటి, రెండు పెద్ద సంస్థల చేతులు మారి, ఎరువుల దుకాణం మీదికి వస్తుంది. డబ్బు కంటే ముందు దాని రూల్సు వస్తాయి. గత ఏడాది ఒక ఫారంలో 'మంచు తుఫాను వల్ల ఎన్ని పనిదినాలు నష్టపోయారు?' అని అడిగారు. హైమ 'సున్నా' అని రాసి, పక్కన 'మే నెల ఎండ గురించి మీరు అడగలేదు కాబట్టి చెప్పడం లేదు' అని కూడా రాసింది. నాగరాజు సారు ఆ రెండో వాక్యం చూసి మంచినీళ్లు తాగి, చెరిపించాడు.

ఇలాంటి ఫారాలు నింపడమే హైమ ఉద్యోగం. దాన్ని కంప్లయన్స్ ఆఫీసర్ అంటారు. కొత్తగూడెంలో ఉన్న తండ్రి మంగయ్యకు ఆ మాట నోరు తిరగదు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఆయన, ఎవరడిగినా "మా బిడ్డది అమెరికాకు జవాబు చెప్పే నౌకరి" అంటాడు. నిజం కూడా అదే.

ఈసారి జవాబు గట్టిగా చెప్పాలి. ఆడిట్ రిపోర్టు జూన్ ముప్పైలోగా చేరకపోతే, జూలై ఒకటో తారీఖు నుంచి గ్రాంటు ఆగిపోతుంది. గ్రాంటు ఆగితే ఆరు బండ్లూ ఆగుతాయి. అదీ వాగులు పొంగే కాలంలో. ఈ ముక్క హైమకు తెలుసు, డ్రైవర్లకు తెలుసు, వాగు అవతలి ఊళ్లవాళ్లందరికీ తెలుసు. తెలియనట్టు కూర్చున్నది వాసు ఒక్కడే.

మొదటి మూడు రోజులూ అతను ఆఫీసులో కాగితాలు చూశాడు. తన నీళ్ల సీసా తనే తెచ్చుకున్నాడు. నిమ్మకాయ పులిహోర డబ్బా తనే తెచ్చుకున్నాడు. చాయ్ ఇస్తే వద్దన్నాడు. ఫ్యాను కిందికి జరగమంటే కూడా ఆలోచించాడు.

"గాలి గిఫ్టు కాదు సారూ. కరెంటు బిల్లు ఎట్లాగూ మీరే చూస్తరు గదా," అంది హైమ.

అతను జరిగాడు. జరిగి, కరెంటు బిల్లు అడిగాడు.

మూడో రోజు డ్రైవర్ల టైమ్‌షీట్ల దగ్గర ఆగాడు. అమెరికా సొమ్ముతో జీతం తీసుకునేవాడు ఏ గంటలో ఏ పని చేశాడో రాయాలి. ఆరో బండి డ్రైవర్ పూల్‌సింగ్ రాసిన కాగితం అతని చేతిలో ఉంది.

"పోయిన ఆగస్టు పద్నాలుగున నాలుగు గంటలు, 'వాగు దగ్గర కూర్చున్న' అని ఉంది."

"అవ్. కూర్చున్నడు."

"నాలుగు గంటలా?"

"వాగు తగ్గాలె గదా."

"ఇది ఏ పని కిందికి వస్తుంది?"

"వాగునే అడగాలె. గంటలు పెట్టింది అది."

"హైమ గారూ, నేను సీరియస్‌గా అడుగుతున్నాను. డ్రైవర్ ఆ నాలుగు గంటలూ ఏం చేశాడు?"

హైమకు ఎక్కడో చుర్రుమంది. "తొట్టిల నొప్పులు పడుతున్న పిల్ల ఉన్నది సారూ. దాని పేరు లాలి. వాగు ఇటు పోనియ్యలే, అటు పోనియ్యలే. పూల్‌సింగ్ వానలో నిలబడి రేకు ఎగిరిపోకుండా పట్టుకున్నడు. లాలి అత్త కాన్పు చేసింది. ఆడపిల్ల పుట్టింది ఆ తొట్టిలనే. దీనికి మీ దగ్గర ఏమన్న కోడు ఉన్నదా?"

వాసు పెన్ను ఆగింది.

"'కూర్చున్న' అని ఎందుకు రాశాడు మరి?"

"గడిచిపోయిన కష్టం గురించి గొప్పలు చెప్పుకునుడు మావోళ్లకు రాదు."

"'పేషెంట్ కేర్' అని సవరించి, కారణం రాసి, సంతకం పెట్టించండి. అది నిజమే కదా," అన్నాడు మెల్లగా.

సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. "అవ్ అమ్మా, తిన్న. పులిహోరనే. రేపు జల్దీ వస్త," అన్నాడు గబగబా. ఫోను పెట్టి చూస్తే హైమ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"ఏ ఊరు సారూ?"

"...ముదిగొండ."

"ఓహో! నేను అమెరికా అనుకున్న."

అతని చెవులు ఎర్రబడ్డాయి. హైమకు ఆ రోజంతా హాయిగా గడిచింది. ఎందుకు అంత హాయిగా ఉందో ఆలోచించకుండా ఉండటానికి ఆమె చాలా ఫైళ్లు సర్దాల్సి వచ్చింది.

నాలుగో రోజు బండ్ల తనిఖీ. రూలు ఏమిటంటే, ప్రతి బండికీ సంస్థ పేరు, నంబరు చెక్కిన అల్యూమినియం బిళ్ల ఉండాలి. దాన్నే అసెట్ ట్యాగ్ అంటారు. ఆడిటర్ వెళ్లి కళ్లతో చూసి ఫొటో తీసుకోవాలి. బిళ్ల లేని బండి లేనట్టే లెక్క. చండ్రుగొండ వైపు రెండు, అశ్వారావుపేట చుట్టూ మూడు, ఐదు బండ్లూ ఐదు బిళ్లలతో బుద్ధిగా నిలబడి ఫొటో దిగాయి. మిగిలింది ఆరోది. అది వాగు అవతల గుట్టకింది తండాలో ఉంటుంది.

ఐదో రోజు, అంటే జూన్ ఇరవైన, పూల్‌సింగ్ వాళ్లిద్దరినీ ఆ బండి మీదే తీసుకెళ్లాడు. హైమ వెనక కూర్చుంది. వాసుకు తొట్టి దక్కింది. పామాయిల్ తోటలు దాటి, అడవిలో పడి, వాగులో దిగేసరికి ఇస్త్రీ చొక్కా చరిత్రలో కలిసిపోయింది.

"ఎట్లున్నది సారూ ప్రయాణం?" పక్కకు తిరిగి అడిగింది హైమ.

"పేషెంట్లు బతికి ఎలా చేరుతున్నారు?" అన్నాడు వాసు, రెండు చేతులా రేకు పట్టుకుని.

"చేరాలన్న పట్టుదల ఉంటది వాళ్లకు."

తండాలో బండి ఆపాక వాసు చుట్టూ తిరిగి చూశాడు. బిళ్ల ఉండాల్సిన చోట రెండు బెజ్జాలున్నాయి.

"ట్యాగ్ ఏది?"

పూల్‌సింగ్ ఆకాశంలోకి చూశాడు. హైమ పూల్‌సింగ్‌ను చూసింది. బిళ్ల లేదంటే బండి లేదు. ఒక్క బండి లేదని రాస్తే చాలు, గ్రాంటు ఆగడానికి.

"ఇగో సారూ, ఈడనే ఉన్నది," అని ఇంట్లోంచి లాలి పిలిచింది.

దూలానికి చీరతో కట్టిన ఊయల. ఊయల తాడుకు నల్లదారం. నల్లదారానికి పసుపు, సిందూరం దట్టించిన అల్యూమినియం బిళ్ల. ఊయలలో పది నెలల పాప ఆ బిళ్లను రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకుంటోంది.

"పిల్ల పుట్టిన బండి గదా అక్కా," అంది లాలి, హైమ వైపు చూసి. "మా అత్త ఆ బిళ్లను తీయించి బిడ్డకు కట్టింది. అప్పటి సంది ఒక్క జరం రాలే."

వాసు ఫారం తీశాడు. 'ఆస్తి ఉన్న చోటు' అన్న గడిలో 'ఊయల' అని రాశాడు. 'కండిషన్' అన్న గడి దగ్గర ఆగి పాపను చూశాడు. పాప బిళ్లను కొరికింది.

"పళ్లొస్తున్నయి," అంది లాలి.

'వాడకంలో ఉంది' అని రాశాడు వాసు.

హైమ ఫక్కున నవ్వింది. ఐదు రోజుల్లో ఆమె అతని ముందు నిజంగా నవ్వడం అదే మొదలు. వాసు తలెత్తి చూసి, చప్పున తల దించుకుని, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఏం రాస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"కానీ ట్యాగ్ బండి మీదే ఉండాలండీ, రూలు ప్రకారం," అన్నాడు కాసేపటికి.

మూలన కూర్చున్న లాలి అత్త లేచి నిలబడింది. చేతులనిండా గాజులు గలగలమన్నాయి. "బిడ్డ మీది బిళ్ల తీస్తవా? తీయి చూస్త."

హైమ కూడా నడుం బిగించింది. "సారూ, ఆ బిళ్ల తీస్తే నేనే ఊరుకోను. కావాలంటే నా మీద రాసుకోండి."

వాసు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తియ్యమని ఎవరన్నారు? బిళ్ల పోతే చాసిస్ నంబరు చాలు. బిల్లులో ఆ నంబరు ఉంది, బండి మీద కూడా ఉంటుంది. రెండూ ఒకటే అయితే బండి ఇదే. కొత్త బిళ్ల మీరు తర్వాత కొట్టించుకోవచ్చు."

హైమ బిగించిన నడుం సడలించి, ఫైల్లోంచి బిల్లు తీసింది.

నంబరు హ్యాండిల్ కింద, బండి మెడ మీద చెక్కి ఉంటుంది. అక్కడ ప్రతి మంగళవారం పెట్టిన పసుపు, సిందూరం, నూనె కలిసి వేలు మందాన పేరుకుపోయాయి. వాసు బ్లేడు తీయగానే లాలి అత్త అడ్డం వచ్చింది. గీకితే ఒప్పుకోనంది. కడిగితే సరే, అదీ తనే కడుగుతానంది. చెంబుడు నీళ్లు తెచ్చి, ఏదో గొణుగుతూ, పసిబిడ్డకు పోసినట్టు పోసింది. కానీ అంకెలు అరిగిపోయి కంటికి ఆనలేదు. వాసు తెల్లకాగితం దాని మీద పరిచి, పెన్సిల్ పక్కకు వాల్చి రుద్దడం మొదలుపెట్టాడు.

వాన కూడా అప్పుడే మొదలైంది. దానికి సమయజ్ఞానం ఎక్కువ.

హైమ గొడుగు తెరిచి అతని నెత్తిన పట్టింది.

"నాకు కాదు, కాగితానికి పట్టండి!"

"మీరు తడుస్తున్నరు."

"నేను ఎవిడెన్స్ కాదు!"

ఆమె కాగితానికి పట్టింది. అతను బురదలో మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంకర తిప్పి, నిలువునా తడుస్తూ రుద్దుతున్నాడు. ఒక్కొక్క అంకే కాగితం మీద తేలి వస్తోంది. హైమ బిల్లులోని నంబరు చదువుతోంది. చివరి అంకె దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

"మూడా, ఎనిమిదా?" అన్నాడు వాసు. "నాకు కనబడతలే. నువ్వు చూడు."

'నువ్వు' అన్నాడని అతను గమనించలేదు. హైమ గమనించింది. వంగి చూసింది. ఒక గొడుగు కింద రెండు తలలు. అతని జుట్టులోంచి కారిన నీళ్లు ఆమె చేతి మీద పడ్డాయి.

"ఎనిమిది."

అతను అంకెను చూడాల్సినవాడు ఆమెను చూశాడు. ఎంతసేపో చెప్పడం కష్టం. పూల్‌సింగ్ దగ్గాడు. దగ్గు తగ్గాక మళ్లీ దగ్గాడు.

"లేదు లేదు," అన్నాడు వాసు ఉలిక్కిపడి. "మీరు చెబితే చెల్లదు. నేనే చూడాలి." కొత్త కాగితం తీసి మొదటి నుంచి రుద్దాడు. ఎనిమిదే.

తిరిగి వచ్చేముందు లాలి చాయ్ ఇచ్చింది. వాసు గ్లాసు వైపు చూశాడు. లాలి అత్త వాసు వైపు చూసింది. అతను చప్పుడు లేకుండా తాగేశాడు. తిరుగు ప్రయాణంలో నోట్‌బుక్ ఒక్కసారి కూడా తీయలేదు.

మర్నాడు వాసు రాలేదు. ఈమెయిల్ వచ్చింది. 'శ్రీ వాసు ఈ ఆడిట్ నుంచి తప్పుకున్నారు. ఆయన స్థానంలో మరొకరు వస్తారు. తేదీ తర్వాత తెలియజేస్తాం.'

నాగరాజు సారు కుర్చీలో కూలబడ్డాడు. "ఏమన్నవు హైమా నువ్వు ఆయనను?"

"రోజూ అనేదే సారూ."

"అదే గదా నా భయం!"

హైమ ఫోను చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"హైమ గారూ, రిపోర్టు సంతకం అయ్యేదాకా నేను మీతో మాట్లాడకూడదు."

"మాట్లాడకుంటే పోనీయ్. పని నడుమ ఎందుకు వదిలినవ్?"

"అది కూడా చెప్పకూడదు."

"ఇంక ఏమేం చేయకూడదో లిస్టు పంపు. ఫ్రేం కట్టించుకుంట."

ఫోను కట్ చేసి గోడకేసి కొట్టబోయి, అది సంస్థ ఆస్తి అని గుర్తొచ్చి ఆగింది. దానికీ ట్యాగ్ ఉంది.

కోపం సరే. కోపం ఆమెకు అలవాటే. అలవాటు లేనిది ఆ బాధ. ఫ్యాను కింద ఖాళీ కుర్చీని రెండుసార్లు గోడవారకు జరిపి, మళ్లీ తెచ్చి అక్కడే వేసింది. ఐదు రోజుల పరిచయానికి ఇంత దుఃఖం ఏ లెక్కన చెల్లుతుందో ఆమెకు అర్థం కాలేదు. వాగు అవతలివాళ్ల బతుకు ఆ రిపోర్టు మీద ఉందని తెలిసి కూడా వదిలి వెళ్లాడు. అలాంటివాడి కోసం ఏడిస్తే సిగ్గుచేటు. అయినా బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చింది.

ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఎవరూ రాలేదు. వాన మాత్రం హాజరు తప్పలేదు. ఇరవై ఐదున పూల్‌సింగ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, తడిసిన టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఒకటో తారీఖున బండి తాళం నీకియ్యాల్నా అక్కా?"

"ఎవరన్నరు?"

"అందరూ అంటున్నరు. తండాల ఇంకో ఇద్దరికి నెలలు నిండినయి. వాళ్లకేం చెప్పాలె?"

హైమ అమెరికాకు జవాబు చెప్పగలదు గానీ, పూల్‌సింగ్‌కు ఏం చెబుతుంది?

ఇరవై ఆరున నిర్మలాదేవి దిగింది. యాభై దాటిన మనిషి, కాటన్ చీర, చేతిలో టిఫిన్ క్యారియర్, చూపులో ఎక్స్‌రే మిషను. వాసు పైఅధికారి ఆమే. హైమ ఈసారి పూలు తేలేదు.

"అన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తరా మేడం?" అడిగింది బితుకుబితుకుమంటూ.

"ఎందుకు? ఆరో బండి ఒక్కటి చూస్తే చాలు," అంది నిర్మలాదేవి.

హైమకు అర్థం కాలేదు. నిర్మలాదేవి బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టింది.

"ఆడిట్ చేసే ప్రతివాడూ ఆ సంస్థ వాళ్లతో ఏ సంబంధం లేకుండా స్వతంత్రంగా ఉన్నానని మాకు రాసివ్వాలి. ఉండలేకపోతే ఎందుకు ఉండలేకపోతున్నాడో రాయాలి. ఇది వాసు రాసింది. ఇందులో నీ పేరుంది కాబట్టి నీ వాంగ్మూలం తీసుకోవాలి. చదువు."

హైమ చదివింది.

'నేను ఈ ఆడిట్ నుంచి తప్పుకుంటున్నాను. కారణం: సంస్థ ఉద్యోగి హైమ గారంటే నాకు ఇష్టం కలిగింది. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఆమె నన్ను మంచి చేసుకునే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు. పైగా అంత్యక్రియల ప్రస్తావన తెచ్చారు.

ఇష్టం కలిగిన తేదీ: జూన్ 20. సమయం: మధ్యాహ్నం సుమారు మూడు గంటల నలభై నిమిషాలు. అంతకుముందు ఐదు బండ్లూ, కాగితాలన్నీ చూడటం పూర్తయింది. ఆ పనిని నమ్మవచ్చు. ఆరో బండిని మాత్రం మరొకరు మళ్లీ చూడాలి. చివరి అంకె దగ్గర నా దృష్టి చెదిరింది.'

అక్షరాలు అలుక్కుపోయాయి. హైమ కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కన్నీటి చుక్క పడితే ఎవిడెన్స్ పాడవుతుంది.

"ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను చాలా దొంగ బిల్లులు చూశాను," అంది నిర్మలాదేవి. "ప్రేమకు కటాఫ్ టైం రాసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. సరే, చెప్పు. మీ ఇద్దరికీ ముందు పరిచయం ఉందా?"

"లేదు మేడం."

"ఈ సంగతి నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది."

"నీకు కూడా అతనంటే..."

హైమ చటుక్కున తలెత్తింది. నాలుక చివరి దాకా వచ్చిన మాటను పళ్ల మధ్య పట్టి ఆపింది. "అది ఆడిట్‌ల అడగాల్సిన ప్రశ్ననా మేడం?"

"కాదు. ఊరికే, మనిషిగా అడుగుతున్నా."

"అట్లయితే రిపోర్టు మీద మీ సంతకం పడ్డంక చెప్త. అంతదాకా నన్ను ఏం అడగొద్దు."

నిర్మలాదేవి ఎక్స్‌రే చూపు కాస్త మెత్తబడింది. "మీరిద్దరూ ఒకే బడిలో చదివారా ఏంటి?" అని లేచింది.

తండాలో ఆమె కూడా బురదలో మోకరించి పెన్సిల్ రుద్దింది. చివరి అంకె ఎనిమిదే వచ్చింది. లాలి అత్త ఆమెకు బొట్టు పెట్టింది. ఇరవై తొమ్మిదిన రిపోర్టు మీద సంతకం పడింది. ముప్పైన అది సముద్రం దాటింది. జూలై ఒకటిన ఆరు బండ్లూ బయలుదేరాయి. పూల్‌సింగ్ తాళం జేబులోనే ఉంది.

రెండో తారీఖున హైమ సెలవు చీటీ రాసింది. కారణం: సొంత పని.

"ఎంత సొంతం?" అన్నాడు నాగరాజు సారు.

"పూర్తిగా సారూ."

వాసు ఇప్పుడు ఖమ్మంలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆడిట్ కోసం బస్తాలు లెక్కపెడుతున్నాడని నిర్మలాదేవి చెప్పింది. అది శిక్ష కాదనీ, ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోలేదనీ కూడా చెప్పింది.

బయట చెమటలు కక్కే ఉక్క, లోపల వణికించే చలి. దానికి తోడు వేల బస్తాల ఎండుమిర్చి ఘాటు. గుమ్మం దాటగానే హైమ మూడుసార్లు తుమ్మింది. ఆ చివర, తలకు మంకీ క్యాపు, ఒంటికి ఎవరో హమాలీ ఇచ్చిన గొంగడి, ముక్కుకు రుమాలు కట్టుకుని ఒక ఆకారం బస్తాలకు చాక్‌పీస్‌తో గీతలు పెడుతోంది.

"నాలుగు వేల రెండు వందల పదకొండు... నాలుగు వేల రెండు వందల... హాఛ్!"

"వాసూ."

ఆకారం గిరుక్కున తిరిగింది. రుమాలు కిందికి జారింది. "మీరా? ఇక్కడికి ఎట్లా..."

"రిపోర్టు సంతకమైంది. మాట్లాడొచ్చా, ఇంకేమన్న ఫారం ఉన్నదా?"

"మాట్లాడొచ్చు."

"అయితే విను. నాకు మస్తు కోపం ఉన్నది. ఇంకో పది రోజులు నోరు మూసుకుంటే ఏం పోయేది? సంతకం పెట్టి, రిపోర్టు పంపి, అప్పుడు చెప్తే కాదా? ఒకటో తారీఖు దగ్గర పడుతుంటే మేం ఎట్ల చచ్చినమో తెలుసా నీకు?"

వాసు చాక్‌పీస్ జేబులో పెట్టుకున్నాడు. ఈసారి ఖమ్మం బ్రాంచి భాష కాకుండా ముదిగొండ భాషే వచ్చింది.

"నోరు మూసుకుందామనే అనుకున్న హైమా. ఆ రోజు బస్సుల ఖమ్మం దాకా అదే ఆలోచన. సంతకం పెట్టినంక నీ దగ్గరికి వస్తే ఏమైతది? ఎవడో ఒకడు అంటడు, వీడు పిల్ల కోసం రిపోర్టు రాసిండని. గంతే. రిపోర్టు చెల్లదు. ఇచ్చిన గ్రాంటు వాపస్ అడుగుతరు. ఆరు బండ్లూ పోతయి, మళ్ల రావు. నువ్వు ఇన్నేండ్లు చేసిన పనికి మచ్చ పడతది. నాకు నువ్వు కావాలె. కానీ నా వల్ల ఆ బండ్లు పోతే, నీ ముఖం నేను ఎట్ల చూసేది?"

కోల్డ్ స్టోరేజీ మిషన్లు గుర్రుమంటున్నాయి. హైమ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"మిర్చి ఘాటు," అన్నాడు వాసు కంగారుగా. "కళ్లు నలపకు, ఇంకా మండుతది."

"ఘాటు కాదు. ఏడుస్తున్న." చున్నీతో ముఖం తుడుచుకుంది. "నువ్వంటే నాకు ఇష్టం వాసూ. మస్తు ఇష్టం. నువ్వు వదిలేసి పోయినవనుకొని బాత్‌రూంల కూర్చొని ఏడ్చిన. ఆఫీసుల ఎవరికన్న చెప్తే చంపుత."

వాసు చెవులు మంకీ క్యాపు కింద ఎంత ఎర్రబడ్డాయో కనబడలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా జేబులోని నోట్‌బుక్ వైపు వెళ్లింది. "ఎప్పటి నుంచి?"

"తారీఖు అడిగినవనుకో, ఆ చాక్‌పీస్ మింగిస్త."

చెయ్యి వెనక్కి వచ్చింది. దారిలో ఆమె చెయ్యి తగిలితే అక్కడే ఆగింది. రెండూ మంచుముక్కల్లా ఉన్నాయి, అయినా ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"మా నాయన ఉన్నడు," అంది హైమ కాసేపటికి. "ఆదివారం కొత్తగూడెం రావాలె. పూలు తీసుకురా. గిఫ్టు పాలసీ గిట్ల అన్నవంటే బొగ్గుబాయికి పంపిస్తడు."

"తెస్త. బిల్లు కూడా తెస్త."

"సారూ!" బస్తాల గుట్ట మీదినుంచి హమాలీ కేకేశాడు. "ఎన్నికాడ ఆపినవ్?"

వాసు బస్తాల వైపు చూశాడు. హైమ వైపు చూశాడు. ఆ అంకె అతని తలలోంచి ఎటో ఎగిరిపోయింది.

"మర్చిపోయిన," అన్నాడు దీనంగా. "మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టాలె. సాయంత్రం అయితది. నువ్వు పో, చలి మస్తున్నది."

హైమ దగ్గర్లో ఉన్న బస్తా మీద తీరిగ్గా కూర్చుంది. అతని గొంగడిలో సగం లాక్కుని భుజాల మీదుగా కప్పుకుంది.

"లెక్కపెట్టు. నేనెక్కడికీ పోను."

"ఒకటి," అన్నాడు వాసు.